కడపంక్తిలో కూర్చున్న దేశం

వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదని మన పెద్దలు అంటూ వుంటారు. పెళ్ళిళ్ళలో, సంతర్పణలలో నవ్వుతూ వాడుకొనే మాట ఇది. కాని దీనిని తిరగేసి చూస్తే నవ్వు రాదు. వడ్డించేవాడు మనవాడు కాకపోతే యేమిటి గతి? గరిటె పట్టినవాడు ముందు పంక్తులలోనే గంగాళం ఖాళీ చేసి వెళ్ళిపోతే, చివర కూర్చున్నవాడు ఖాళీ విస్తరి ముందు యెంతసేపు కూర్చోవాలి?

నేటి ప్రపంచంలో అట్లా కడపంక్తిలో కూర్చున్న దేశాలలో సోమాలియా ఒకటి. అరేబియా సముద్రానికి ఈ ఒడ్డున మనం వుంటే, ఆ ఒడ్డున, ఆఫ్రికా ఖండం సముద్రంలోకి కొమ్ములాగా పొడుచుకువచ్చిన చోట ఆ దేశం వున్నది. జనాభా సుమారు 1 కోటి 90 లక్షలు. వానలు మొగం చాటువేయగా, 2025 నవంబరు 10వ తేదీన అక్కడి ప్రభుత్వం కరువు అత్యవసర పరిస్థితిని ప్రకటించి లోకాన్ని చేయి చాచి అడిగింది. అడిగిన ఆ నెలలోనే, ఆ దేశంలో ఐక్యరాజ్యసమితి వారి ప్రపంచ ఆహార కార్యక్రమం నుంచి అత్యవసర సాయం అందుకొనేవారి సంఖ్య మూడు నెలల క్రితం వున్నదానిలో మూడవ వంతుకు కూడా లేకుండా పోయింది.

ఆకలి పెరిగితే గరిటె పెద్దది కావాలి గాని చిన్నది కావడమేమిటి? ఈ ప్రశ్నే మాచేత ఈ వ్యాసం రాయించింది. మేము పండితులం కాము. కచేరీలో జమాఖర్చులు రాసుకొనేవాళ్ళం. అయితే లెక్కలు రాసేవారికి ఒక సంగతి బాగా తెలుసు. ఒక పద్దు కొట్టివేయడానికి ఒక్క సంతకం చాలు. ఆ సంతకం వల్ల యెక్కడ యే పొయ్యి చల్లారిందో ఆ కాగితం మీద వుండదు. దానిని వేరే వెతుక్కోవాలి.

రెండు వానలు, రెండు నదులు

మనకు నైరుతి, ఈశాన్యం అని రెండు వానకారులు వున్నట్లే సోమాలియా వారికి కూడా రెండు వానకాలాలు. ఏప్రిలు నుంచి జూను దాకా కురిసేవి పెద్ద వానలు. వాటిని ‘గు’ అంటారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసేవి చిన్న వానలు. వాటిని ‘దెయిర్’ అంటారు. మధ్యన వచ్చే పొడి కాలాలు ‘హగా’, ‘జిలాల్’. జనవరి నుంచి మార్చి దాకా వుండే జిలాల్ అంటే అక్కడి ఆడవారికి గుండె దడ. నీళ్ళ కోసం నడక మొదలయ్యే కాలం అది.

దేశంలో చెప్పుకోదగిన నదులు రెండే, జుబ్బా, షబెల్లె. రెండూ పొరుగున వున్న ఇథియోపియా కొండలలో పుట్టినవే. కాబట్టి అక్కడ వాన లేకపోతే ఇక్కడ నదీ లేదు. ఆ రెండు నదుల నడుమ నేలలో జొన్న, మొక్కజొన్న పండుతాయి. మిగిలిన దేశమంతా చాలావరకు మేత బీళ్ళే. అక్కడి జనంలో లక్షలాది మందికి ఆస్తి అంటే ఒంటెలు, మేకలు, గొర్రెలు, ఆవులు. మన రైతుకు పొలం యెట్లాగో వారికి మంద అట్లాగ. బ్యాంకు, పాడి, పిల్ల పెళ్ళి ఖర్చు, ముసలితనానికి ఆధారం, అన్నీ అదే.

అక్కడివారు కరువులకు పేర్లు పెట్టుకొంటారు. 1974–75లో వచ్చిన కరువును ‘దబధేర్’ అన్నారు, అనగా పొడుగు తోకది. యెంతకూ ముగియక తోక సాగిపోయిందని ఆ పేరు. 2016–17 నాటి కరువుకు కొన్ని ప్రాంతాలలో ‘సిమ’ అని పేరు, కలవాడినీ లేనివాడినీ సమం చేసినదని. ఈ అలవాటు మనకు కొత్తది కాదు. గుంటూరు సీమలో 1832–33లో వచ్చినదానిని మన పెద్దలు డొక్కల కరువన్నారు. బళ్ళారి, కర్నూలు, కడప సీమలను 1876లో పట్టుకొన్నదానిని ధాత నామ సంవత్సరం పేరుతో ధాత కరువన్నారు. కరువుకు పేరు పెట్టుకొనే జాతి దానిని మరచిపోదు.

ఆకలి యే దారిన వస్తుంది?

కరువు అనగానే పగిలిన నేల, యెండిన చెట్టు మన కళ్ళకు కడతాయి. కాని ఆకలి ఒక్కనాడు వచ్చి తలుపు తట్టదు. అది మెట్టు మెట్టుగా దిగుతుంది.

మొదట మేత తగ్గుతుంది. మేత తగ్గగానే పాలు తగ్గుతాయి. ఆ సంచార కుటుంబాలలో చిన్నపిల్లలకు ముఖ్యమైన ఆహారం పాలే; కనుక ఆకలి ముందుగా పట్టుకొనేది చంటిబిడ్డలను. తరువాత యింటివారు ఒకటి రెండు మేకలను సంతకు తోలుకుపోతారు. అక్కడ చూస్తే ఊరూరివారూ మేకలు తోలుకొని వచ్చి వుంటారు. బక్కచిక్కిన మేకను కొనేవాడు లేడు, దాని ధర పడిపోతుంది. గింజల ధర మాత్రం పైకి పోతుంది. మంచి రోజులలో ఒక మేకను అమ్మితే యింటిల్లిపాదికీ చాలాకాలం సరిపడా గింజలు వస్తాయి. చెడ్డ రోజులలో అదే మేకకు వచ్చే గింజలు నాలుగు పూటలలో అయిపోతాయి. అందుచేత ఆకలిని ముందుగా పసికట్టేవారు ఆకాశం వంక మాత్రమే చూడరు. ఒక మేకకు యెన్ని కిలోల జొన్న వస్తున్నదని సంత వంక చూస్తారు.

ఆ తరువాతి మెట్టు అప్పు. దుకాణదారు అరువిచ్చినంత కాలం ఇస్తాడు. నీళ్ళ బండి వచ్చినప్పుడు నీళ్ళూ అరువే. ఆవులు ముందు పోతాయి, తరువాత గొర్రెలు, మేకలు. చివరిదాకా నిలిచేది ఒంటె. ఒంటెలు కూడా పడిపోతున్నాయంటే ఇక ఆ యింట మిగిలినది కాళ్ళు మాత్రమే. అప్పుడు తల్లులు బిడ్డలను చంకనెత్తుకొని బైదోవా వైపో, రాజధాని మొగదిషు వైపో నడక సాగిస్తారు. పట్టణం అంచున కర్రలు వంచి, పాత గుడ్డలు కప్పి గుడిసె వేసుకొంటారు. కరువు వల్లనూ, యుద్ధం వల్లనూ ఇట్లా యిల్లు విడిచినవారు ఆ దేశంలో ముప్పై లక్షలకు పైగా వున్నారు.

అటువంటి కిక్కిరిసిన మకాములలో ఆకలి తనంత తాను చంపేది కొద్దిమందినే. బక్కచిక్కిన బిడ్డను తట్టు, కలరా, అతిసారం, న్యుమోనియా వచ్చి తీసుకుపోతాయి. చావు చీటీలో జబ్బు పేరు వుంటుంది గాని ఆకలి పేరు వుండదు.

ఆలస్యం ఖరీదు

సోమాలియా చరిత్రలో ఇటీవలి నాలుగు కరువులను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, ఇక ఉపన్యాసం అవసరం లేదు.

1991లో ప్రభుత్వం కూలి దేశం అంతర్యుద్ధంలో పడింది. దాని వెంటనే 1992లో వచ్చిన క్షామంలో రెండు లక్షలకు పైగా ప్రాణాలు పోయినవని అంచనా.

రెండవది 2011. వానలు లేవు, పరిస్థితి చెడుతున్నదని 2010 చివరి నుంచే హెచ్చరికలు వస్తూ వున్నాయి. కాని దక్షిణ ప్రాంతాలను పట్టుకొని వున్న అల్ షబాబ్ సాయుధులు ప్రపంచ ఆహార కార్యక్రమాన్ని 2010లోనే తమ హద్దులలోకి రావద్దన్నారు. సాయంలో ఒక్క డాలరు వారి చేతికి చిక్కినా నేరమవుతుందని అమెరికా చట్టం భయపెట్టింది. అటు వారు, ఇటు వీరు, నడుమ పల్లెజనం. క్షామం అని ఐక్యరాజ్యసమితి ప్రకటించినది 2011 జూలై 20న. అప్పుడు ఓడలు, విమానాలు కదిలాయి. తరువాత నిపుణులు లెక్క తీస్తే ఆ కరువులో పోయినవారు సుమారు 2 లక్షల 58 వేల మంది. వారిలో సగానికి పైగా అయిదేళ్ళ లోపు పసివాళ్ళు. చనిపోయినవారిలో దాదాపు సగం మంది ఆ ప్రకటన వెలువడక ముందే పోయారు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

మూడవది 2017. వానలు పోయాయి, పశువులు పోయాయి. కాని ఈసారి హెచ్చరిక వినగానే సాయం కదిలింది. ఫోనుల ద్వారా డబ్బు నేరుగా కుటుంబాలకు చేరింది. క్షామం రాలేదు.

నాలుగవది 2020 చివరి నుంచి 2023 దాకా. వరుసగా అయిదు వానకాలాలు విఫలమైనాయి. అంత వరుసలో ఆకాశం మోసగించడం నలభై యేళ్ళలో లేదన్నారు. బైదోవా ప్రాంతంలో క్షామం తప్పదని 2022 సెప్టెంబరులో హెచ్చరించారు. అప్పుడు పెద్ద మొత్తంలో, ముఖ్యంగా అమెరికా నుంచి, డబ్బు వచ్చింది. ప్రకటన చేయవలసిన అవసరం లేకుండా గడిచింది. అయినా ఆ ఒక్క 2022లోనే మామూలు కంటె 43 వేల మంది యెక్కువగా చనిపోయారని ఒక అధ్యయనం అంచనా వేసింది. క్షామం తప్పించుకొన్న సంవత్సరపు లెక్క అది.

ఈ నాలుగు పద్దులనూ కూడితే తేలేది ఒక్కటే. అక్కడ వాన యెన్నిసార్లు తప్పినా, మనుషులు యెంతమంది పోతారన్నది సాయం యే నెలలో వచ్చిందన్న దానిమీద ఆధారపడి వున్నది.

గోరుచుట్టు మీద రోకటి పోటు

ఇక 2025 సంగతి. హిందూ మహాసముద్రంలో ఒక త్రాసు వంటిది వున్నది. సముద్రపు తూర్పు భాగం, అనగా ఇండోనేషియా వైపు, వేడెక్కి, ఆఫ్రికా వైపు నీరు చల్లబడితే, సోమాలియా ఒడ్డున మబ్బు పట్టదు. 2025 చివరి నెలలలో ఆ త్రాసు గట్టిగా తూర్పుకు మొగ్గింది. దెయిర్ వానలు మొగం చాటువేశాయి. అంతకు ముందరి వానలు కూడా చాలా చోట్ల అంతంత మాత్రమే.

ఆ సెప్టెంబరులో వెలువడిన అంచనా ప్రకారం అక్టోబరు–డిసెంబరు నెలలలో 44 లక్షల మంది, అంటే జనాభాలో సుమారు నాల్గవ వంతు, తీవ్రమైన ఆకలి పాలవుతారు. అయిదేళ్ళ లోపు పిల్లలలో 18 లక్షల 50 వేల మందికి 2026 నడిమి లోపల పోషణ లేమి తప్పదన్నారు.

ఇది గోరుచుట్టు. ఇక రోకటి పోటు చూడండి.

2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం మారింది. మారిన రోజుననే విదేశ సహాయాన్ని నిలిపివేసే ఉత్తర్వు వెలువడింది. 1961 నుంచి నడుస్తున్న వారి సహాయ సంస్థ యు.ఎస్. ఎయిడ్ 2025 జూలై 1తో మూతపడింది. ఫిబ్రవరిలో బ్రిటిషు ప్రభుత్వం కూడా తమ జాతీయాదాయంలో నూటికి 50 పైసల వంతున ఇస్తున్న సహాయాన్ని 2027 నాటికి 30 పైసలకు దించుతామని, మిగిలినది రక్షణ ఖర్చుకని చెప్పింది. ధనిక దేశాలు నూటికి 70 పైసలు ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి 1970లో తీర్మానించిన సంగతి పాఠకులు గుర్తు చేసుకొనవచ్చు. జర్మనీ, ఫ్రాన్సు వంటి ఇతర దేశాలు కూడా తగ్గించాయి.

సోమాలియాకు 2025లో 142 కోట్ల డాలర్లు కావాలని ఐక్యరాజ్యసమితి అడిగింది. నవంబరు నాటికి అందులో నాల్గవ వంతు కూడా చేతికి రాలేదు. ఆగస్టులో 11 లక్షల మందికి తిండి ఇస్తున్న ప్రపంచ ఆహార కార్యక్రమం, డబ్బు లేక, నవంబరుకు 3 లక్షల 50 వేల మందికి దిగింది. 44 లక్షల ఆకలిలో మూడున్నర లక్షల విస్తళ్ళు. అంటే పన్నెండుగురు పంక్తిలో కూర్చుంటే ఒక్కరికి వడ్డించి, మిగిలినవారిని లేచిపొమ్మనడం. ఆ ఒక్కరు యెవరు కావాలో నిర్ణయించే పని కూడా అక్కడి ఉద్యోగి నెత్తినే పడింది. చిక్కిపోయిన బిడ్డకు పెట్టాలంటే, ఇంకా చిక్కిపోని బిడ్డకు పెట్టేది మానివేయాలి. మానివేస్తే ఆ రెండవ బిడ్డ నెల తిరిగేసరికి మొదటి బిడ్డ పక్కన వచ్చి చేరుతుంది.

ఇంకొక సంగతి కూడా ఇక్కడ చెప్పక తప్పదు. 1984లో ఇథియోపియాలో లక్షలాది మంది ఆకలితో చనిపోయిన తరువాత, ఇట్లాంటిది మళ్ళీ తెలియకుండా రాకూడదని 1985లో అమెరికా ఒక ముందస్తు హెచ్చరిక సంస్థను నెలకొల్పింది. వానలు, పంటలు, సంత ధరలు చూసి యెక్కడ కరువు రాబోతున్నదో నెలల ముందుగా చెప్పడం దాని పని. 2025 జనవరి చివరలో సహాయం ఆగినప్పుడు ఆ సంస్థ కూడా మూగబోయింది. మళ్ళీ కొంత గొంతు విప్పేసరికి జూను నెల దాటవచ్చింది. తిండి ఆపడం ఒక యెత్తు. కావలివాడి లాంతరు ఆర్పివేయడం ఇంకొక యెత్తు.

కొలత పట్టీ, వేరుశనగ పొట్లం

ఈ లక్షలు, కోట్లు చదివేటప్పుడు మనసు మొద్దుబారుతుంది. కనుక ఒక్క బిడ్డ దగ్గరకు వద్దాము.

ఆరోగ్య కేంద్రానికి తల్లి బిడ్డను తెస్తుంది. అక్కడి కార్యకర్త చేతిలో రంగుల కాగితపు పట్టీ ఒకటి వుంటుంది, దర్జీవాడి టేపు వంటిది. బిడ్డ మోచేతికీ భుజానికీ నడుమ చుట్టి చూస్తారు. చుట్టుకొలత 12న్నర సెంటీమీటర్లు దాటితే ఆకుపచ్చ, పరవాలేదు. దానికి తక్కువైతే పసుపు. 11న్నరకు లోబడితే ఎరుపు. ఎరుపు అంటే ఆ చేయి మన యింటి రూళ్ళకర్ర కంటె కొంచెం లావు, అంతే.

ఎరుపు చూపిన బిడ్డకు మందు యేమిటో తెలుసునా? వేరుశనగ. వేయించిన వేరుశనగ గింజల ముద్దలో పాలపొడి, పంచదార, నూనె, విటమినులు కలిపి చేసిన 92 గ్రాముల పొట్లం. ఒక్కొక్క పొట్లంలో 500 కేలరీల శక్తి వున్నది. దీనిని 1996లో ఫ్రాన్సు దేశంలో కనిపెట్టారు. వండనక్కరలేదు, నీళ్ళు కలపనక్కరలేదు. మూల చింపి బిడ్డ నోట పెడితే తానే చప్పరిస్తుంది. రోజుకు రెండు మూడు పొట్లాల వంతున ఆరు నుంచి యెనిమిది వారాలు పెడితే, యెముకలగూడుగా వచ్చిన బిడ్డ చాలావరకు లేచి కూర్చుంటుంది. అంటే ఒక బిడ్డకు సుమారు 150 పొట్లాలు, ఒక అట్టపెట్టెడు. అనంతపురం నేలలో పండే పల్లీకాయ యెటువంటిదో యెరిగిన మనకు ఇది నమ్మడం కష్టం కాదు.

ఆ అట్టపెట్టె గోదాములో వుంటే బిడ్డ వుంటుంది. లేకపోతే లేదు. కేంద్రాలు మూతపడినప్పుడు తల్లి ఇంకొక కేంద్రానికి నడవాలి. అది రెండు రోజుల నడక అయినప్పుడు, ఆ చంకలోని బిడ్డ దారిలో యేమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

మన పాత కవిలె కట్టలోని ఒక కాగితం

గరిటె చిన్నది చేయడం ఈనాడు పుట్టిన విద్య కాదు. అది మన నేలమీదనే జరిగింది.

ధాత కరువులో మదరాసు రాజధానిలో లక్షలాది జనం కరువు పనులకు యెగబడ్డారు. ఖర్చు పెరిగిపోతున్నదని వైస్రాయి లిట్టను 1877 జనవరిలో సర్ రిచర్డు టెంపుల్ అనే దొరను పంపాడు. ఆయన వచ్చి, దినమంతా మట్టి మోసే మగవాడికి ఒక పౌను గింజలు, పైన కొద్ది చిల్లర చాలునని కూలి కోశాడు. ఒక పౌను అంటే అరకిలో కూడా కాదు. పనిచేసే మనిషి దానితో నిలవలేడని మదరాసు శానిటరీ కమిషనరు డాక్టరు కార్నిషు గట్టిగా వాదించాడు. కొన్ని నెలల తరువాత కూలి మళ్ళీ పెంచారు. పెంచేలోపల యెందరు పోయారో వేరు లెక్క లేదు. మొత్తం మీద ఆ కరువులో, మన తెలుగు, కన్నడ, తమిళ సీమలతో పాటు బొంబాయి దక్కను కూడా కలుపుకొంటే, యాభై లక్షలకు పైగా పోయారని అంచనా. మదరాసు వారు చూసే బకింగుహాం కాలువలో కొంత భాగం ఆ కరువు పనులలో ఆ కూలివారు తవ్వినదే.

ఆ చావుల తరువాత కూర్చున్న కరువు కమిషను 1880లో నివేదిక ఇచ్చింది. దాని వెనుక కరువు నిబంధనలు వచ్చాయి. గింజల ధర యెంత పెరిగితే, జనం యే దిక్కుకు వలసపోతూ వుంటే, యే అధికారి యేమి చేయాలో అందులో రాశారు. ఆకాశాన్నే కాక సంతనూ చూడాలి, చావులు మొదలు కాకముందే పని మొదలుపెట్టాలి అన్న నేటి ముందస్తు హెచ్చరికల ఆలోచనకు అది ఒక మూలం. అంటే సోమాలియా సంతలో మేక ధర రాసుకొనే కుర్రవాడి చేతిలోని పుస్తకానికి మన బళ్ళారి, కర్నూలు వారి యెముకలకు సంబంధం వున్నది. మన పెద్దలు ప్రాణాలు పెట్టి కొన్న ఆ పాఠాన్ని ఇప్పుడు లోకం అటక మీద పడవేస్తున్నది.

అడిగేవారు అడిగే ప్రశ్నలు

మా మిత్రులు కొందరు ఈ మాట యెత్తగానే కొన్ని ప్రశ్నలు వేస్తారు. అవి తోసివేయదగినవి కావు.

సాయం దొంగల పాలవుతున్నది గదా అన్నది మొదటి ప్రశ్న. నిజమే. మకాములలో వున్నవారికి అందిన డబ్బులో స్థలం యజమానులు, స్థానిక పెత్తందారులు, సాయుధులు వాటా గుంజుకొంటున్నారని 2023లో ఐక్యరాజ్యసమితి విచారణలోనే తేలింది. ఐరోపా సమాజం వారు కొంతకాలం డబ్బు ఆపారు కూడా. కాని రేషను దుకాణంలో తూకం తక్కువైతే తూకం సరిచేయమంటాము గాని, కార్డులు తగులబెట్టమని యెవరూ అనరు. దొంగిలించినవాడు ఒకడు, ఆకలితో పోయేది మరొకడు. శిక్ష రెండవవాడికి వేయడం న్యాయం కాదు.

ఇట్లా పెడుతూ పోతే వారు సోమరులు కారా అన్నది రెండవ ప్రశ్న. సోమాలియా వారిని చూస్తే ఈ ప్రశ్న నిలవదు. పరదేశాలలో పనిచేసే సోమాలీలు యింటికి పంపే డబ్బు సాలుకు వంద కోట్ల డాలర్లకు మించి వుంటుంది. లండనులో టాక్సీ నడిపేవాడు, అమెరికాలో మాంసపు కర్మాగారంలో పనిచేసేవాడు, నెల తిరగగానే తల్లికి, మేనమామకు, మేనమామ పొరుగువాడికి కూడా పంపుతాడు. ఊరు విడిచి బ్రతికే మన తెలుగువారికి ఇది బోధపడని విషయం కాదు. దుకాణదారు అరువిస్తాడు. పొరుగువారు ఒంటె పాలు పంచుకొంటారు. బయటివారి గరిటె అక్కడికి చేరేది, ఈ చేతులన్నీ ఖాళీ అయిన తరువాతనే.

మన యింట ఆకలి లేదా, వారి సంగతి మనకెందుకు అన్నది మూడవది. మన యింట ఆకలి వున్నది, దానిని తీర్చుకోవలసిందే. కాని వడ్డించేవారిలో మనమూ వున్నామన్నది మరువకూడదు. సోమాలియా తన తిండిలో పెద్ద భాగం బయటినుంచి కొనుక్కొంటుంది. అందులో బియ్యం ముఖ్యం. యానాం పక్కనే కాకినాడ రేవులో ఓడలకెక్కే బియ్యంలో పెద్ద భాగం ఆఫ్రికా దేశాలకే పోతుంది. 2023 జూలైలో మన ప్రభుత్వం తెల్లబియ్యం ఎగుమతి ఆపినప్పుడు లోకమంతటా బియ్యం ధర పెరిగింది. 2024 సెప్టెంబరులో ఆ నిషేధం తొలగింది. మన యింటి ధర నిలపడానికి చేసిన పని సముద్రం ఆవల సంతలో కూడా తెలుస్తుంది.

వాన కురిసిన తరువాత

చివరగా ఒక్క మాట. కరువు వార్తలు చదివేవారిలో చాలామంది, వాన పడిందని వినగానే, ఇక ఫరవాలేదని కాగితం మడిచి పక్కన పెడతారు. ఇచ్చేవారు కూడా అంతే.

కాని ఏప్రిలులో వాన కురిస్తే జొన్న కోతకు వచ్చేది జూలైలో. విత్తనాలు తినివేసిన యింట ఆ పంటా లేదు. మిగిలిన మేక చూలు కట్టి ఈనడానికి అయిదు నెలలు పడుతుంది. అప్పుడు గాని పాలు లేవు. ఒంటె మోసేది పదమూడు నెలలు. మంద మొత్తం పోయిన కుటుంబం మళ్ళీ మందగా లేవడానికి యేళ్ళు పడుతుంది. పైగా యెండిన నేలమీద పడిన మొదటి వాన మకాములలోకి మురుగు తెస్తుంది, మురుగుతో కలరా వస్తుంది. కనుక వాన వచ్చిన తరువాతి నెలలు కూడా ఆకలి నెలలే. ఆకాశం కరుణించిన రోజుననే గరిటె యెత్తివేస్తే, పంట కోతకు ముందు పడిపోయేవారు తక్కువమంది కారు.

యునిసెఫ్, ప్రపంచ ఆహార కార్యక్రమం రెండింటికీ మన దేశంలో కార్యాలయాలు వున్నాయి. శక్తి కలవారు వాటి ద్వారా ఇవ్వవచ్చు. శక్తి లేనివారు కనీసం ఈ లెక్క మరువకుండా వుండవచ్చు: 44 లక్షలు, మూడున్నర లక్షలు. ప్రపంచం పెద్దలు సభ తీర్చి, ఈ యేడు ఇంత తగ్గించాము, అంత ఆదా చేశాము అని చదివినప్పుడు, ఆ ఆదా యెవరి విస్తరిలోనుంచి వచ్చిందని మన పిల్లలు అడగగలగాలి. కడపంక్తిలోనివారు లేచి గరిటె లాక్కోలేరు. అడగవలసినది ముందు పంక్తులలో తిని కూర్చున్నవారే.